శేషాచలం కొండల హెర్బేరియం షీట్లు: ఖాళీలను ఎలా చదవాలి

ఒక మొక్క ఫలానా కొండ మీద ఉందని చూపడానికి ఒక్క హెర్బేరియం షీటు చాలు. ఎండబెట్టి అట్టకు అతికించిన కొమ్మ, కింద కుడి మూలన ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కోశారో చెప్పే లేబుల్. ఆ మొక్క అక్కడ లేదని చూపే షీటు మాత్రం ఏ బీరువాలోనూ దొరకదు. ఈ చిన్న తేడాను పట్టించుకోకుండా మన తూర్పు కనుమల మొక్కల గురించి చాలా గట్టి మాటలు అనేస్తున్నాం. 'అరుదైనది', 'ఈ కొండకే పరిమితం', 'కనుమరుగైంది' అనే మాటల్లో కొన్ని నిజాలే. మరికొన్ని, ఆ వైపు ఎవరూ వెళ్లకపోవడం వల్ల పుట్టినవి కావచ్చు. ఏది ఏదో తేలాలంటే మొక్కల కంటే ముందు సేకరణ చరిత్రను చదవాలి. శేషాచలం కొండలను ఉదాహరణగా తీసుకుని ఆ పని ఎలా చేయవచ్చో, ఎక్కడ ఆగాలో చూద్దాం.

శేషాచలం పాత చిత్తూరు, కడప జిల్లాల మీదుగా సాగే కొండల వరుస. 2010లో ఇక్కడ దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లను బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే మొదటిది. అంతకు ముందే, 1989లో, ఈ కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి, గట్టి బండరాళ్లు, మధ్యమధ్య తడి ఆరని కోనలు. ఎర్రచందనం, పేరీత, తెల్లకరక, మొగి, తంబ, కొండ సాంబ్రాణి, కొండ కొత్తిమీర వంటి మొక్కలకు ఈ కొండలూ వీటి చుట్టుపక్కల కొండలే ప్రధానమైన నెలవు. కాబట్టి ఇక్కడి షీట్ల మీద చేసే ప్రతి లెక్కా కేవలం స్థానిక విషయం కాదు. ఆ లెక్క తప్పితే ఒక జాతి గురించి ప్రపంచం మొత్తానికి తెలిసినదే తప్పుతుంది.

ఎవరు కోశారు, ఎందుకు కోశారు

తెలుగు నేల మీద శాస్త్రీయ పద్ధతిలో మొక్కల సేకరణ తీరంలో మొదలైంది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు, బొమ్మలు వేయించాడు. 1795 నుంచి విడతలుగా వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం కోరమాండల్ తీరపు మొక్కల పేరు మీదే ఉంది. ఓడలు ఆగేది, కంపెనీ ఉద్యోగులు కాపురముండేది తీరంలో. రాయలసీమ కొండలు వాళ్లకు దూరం.

కొండల్లోకి క్రమం తప్పకుండా వెళ్లినవాళ్లు అటవీ అధికారులు. 1860 నుంచి 1882 వరకు మద్రాసు అటవీశాఖకు అధిపతిగా ఉన్న రిచర్డ్ బెడోం కడప కొండల్లో సేకరించిన ఆధారాలతో డయ్యర్ 1883లో పేరీతను కొత్త జాతిగా వర్ణించి, సైకాస్ బెడోమీ అని పేరు పెట్టాడు. అటవీశాఖలోనే పనిచేసిన గాంబిల్ మొదలుపెట్టి, ఆయన తర్వాత ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా 1915–1936 మధ్య వెలువడింది. ఈనాటికీ విద్యార్థులు మొదట తెరిచే పుస్తకం అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. అటవీ అధికారి చూపు సహజంగానే కలప మీద, చెట్ల మీద ఉంటుంది. బెడోం ఫెర్న్‌ల మీద కూడా ఎంతో పని చేశాడు కాబట్టి ఆయన్ని చెట్లకే కట్టేయడం న్యాయం కాదు. అయినా మొత్తం మీద ఆ కాలపు సేకరణలో చెట్లకు ఉన్నంత చోటు వానకు మొలిచి వారాల్లో ఎండిపోయే గడ్డికీ, చిన్న గుల్మాలకూ దక్కి ఉండదని అనుకోవడం సమంజసమే. ఇది ఊహే తప్ప కొలత కాదు. కొలవాలంటే పాత షీట్లన్నీ ఒకచోట లెక్కకు రావాలి. అవి కోయంబత్తూరులోని మద్రాసు హెర్బేరియంలో, హావ్‌డాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో, లండన్‌లో చెదిరి ఉన్నాయి. 2005లో హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే దక్కన్ కేంద్రం వచ్చింది. తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్ర విభాగాలు తమ సేకరణలను పెంచుకున్నాయి. ఎల్లిస్ రాసిన నల్లమల ఫ్లోరా 1987, 1990లలో రెండు సంపుటాలుగా, పుల్లయ్య బృందం ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా 1997 నుంచి వెలువడ్డాయి. అయినా వంద నూటయాభై ఏళ్ల కిందటి షీటును చూడాలంటే ఇక్కడి విద్యార్థి ఎక్కువగా కంప్యూటర్ తెర మీద బొమ్మనే చూడాలి.

కొత్త జాతులు బీరువాల్లోనే ఉండిపోవడం మన ఒక్కరి సంగతే కాదు. బెబర్ తదితరులు 2010లో చేసిన విశ్లేషణలో, కొత్త జాతుల్లో కేవలం 16 శాతమే సేకరించిన ఐదేళ్లలోపు వర్ణనకు నోచుకున్నాయని తేలింది. దాదాపు నాలుగో వంతు వర్ణనల్లో యాభై ఏళ్లు దాటిన షీట్లు ఉన్నాయి. శేషాచలానికి కూడా ఇదే నిష్పత్తి వర్తిస్తుందని అనలేం. ఒక్క విషయం మాత్రం గమనించాలి. తిరుమల కొండల నుంచి కొండ కొత్తిమీరను, అంటే పింపినెల్లా తిరుపతియెన్సిస్‌ను, 1960లో వర్ణించారు. కొండ సాంబ్రాణిని, అంటే బోస్వెల్లియా ఒవాలిఫోలియోలేటాను, 1961లో వర్ణించారు. శతాబ్దాలుగా భక్తులు నడిచి ఎక్కుతున్న కొండ మీద, మనిషి కంటే ఎన్నో రెట్లు ఎత్తు పెరిగే చెట్టు శాస్త్రానికి తెలియకుండా 1961 దాకా నిలబడి ఉంది. ఎవరి కళ్లకూ కనపడక కాదు. కోసి, ఎండబెట్టి, దాని బంధువులతో పోల్చి చూసినవాళ్లు లేక.

'ఉత్తర ఆర్కాటు' ఎక్కడ?

పాత షీటు మీద మొక్క ఎంత చక్కగా ఉన్నా, అది ఎక్కడిదో తెలియకపోతే సగం విలువ పోతుంది. శేషాచలం విషయంలో ఈ చిక్కు చాలా గట్టిది, దాన్ని కాస్త నిదానంగా విప్పాలి.

1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకు ముందు తిరుపతి, తిరుమల ఉత్తర ఆర్కాటు జిల్లాలోని చంద్రగిరి తాలూకాలో ఉండేవి. ఆ జిల్లా ముఖ్య పట్టణం చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లావి. అందుకే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండకు పేరిచ్చిన అధికారి కడప కలెక్టరే. కాబట్టి 1911కు ముందు కోసిన షీటు మీద 'ఉత్తర ఆర్కాటు' అని ఉంటే, అది ఈనాటి తమిళనాడులోని వేలూరు చుట్టుపక్కలది కావచ్చు, తిరుమలది కావచ్చు. 'కడప కొండలు' అని ఉంటే పాలకొండల నుంచి మదనపల్లె వైపు దాకా ఎక్కడైనా కావచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడిపోయాయి. అంటే అదే రాయి, అదే చెట్టు, వందేళ్లలో మూడు జిల్లాల పేర్లతో రికార్డుల్లోకి ఎక్కే అవకాశం ఉంది.

ఇప్పుడు ఈ షీట్లను కంప్యూటర్‌కు ఎక్కించే పని ఊపందుకుంది. 2022లో బొటానికల్ సర్వే భారత వర్చువల్ హెర్బేరియంను ప్రారంభించింది. లండన్‌లోని క్యూ గార్డెన్ తన డెబ్బై లక్షలకు పైబడిన షీట్లను స్కాన్ చేసే పని చేపట్టింది. బొమ్మ తీయడం సులువు, లేబుల్‌లోని ఊరి పేరును అక్షాంశ రేఖాంశాలుగా మార్చడమే కష్టం. ఈ పని చేసేవాళ్లకు పాత తాలూకా సరిహద్దులు తెలియకపోతే తిరుమల మొక్క వేలూరు పక్కన చుక్కగా పడుతుంది. 'కడప జిల్లా' అని మాత్రమే ఉన్న లేబుల్‌కు జిల్లా మధ్య బిందువును ఇచ్చేస్తే, ఏ అడవీ లేని చేను మీద అడవి చెట్టు చుక్క మొలుస్తుంది. ఊర్ల పేర్లది మరో తంటా. కోడూరు కడప వైపు ఉంది, కృష్ణా జిల్లాలోనూ ఉంది. అందుకే ప్రతి చుక్కకూ పక్కన 'ఎన్ని కిలోమీటర్ల వరకు తేడా ఉండవచ్చు' అనే అంకె తప్పనిసరిగా ఉండాలి. ఆ అంకె లేని పాత చుక్కను లెక్కలోకి తీసుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. లెక్కలోకి తీసుకోకపోయినా షీటును పారేయం కదా, ఫలానా కాలంలో ఫలానా జిల్లాలో ఆ మొక్క ఉండేదన్న సాక్ష్యంగా అది అలాగే ఉంటుంది.

కొత్త లేబుళ్లలో ఈ తప్పు జరగకూడదు. జిల్లా, మండలం పేర్లు రాస్తే చాలదు, అవి మారతాయి. అటవీశాఖ రేంజి, సెక్షన్, బీటు పేర్లు, సముద్రమట్టం నుంచి ఎత్తు, జీపీఎస్ అంకెలు, దగ్గరి కోన లేదా బండ పేరు, ఆ చోట తడి ఎంత, నీడ ఎంత, రాయి ఏ రకం, ఇవన్నీ అడవిలో నిలబడినప్పుడే ఫీల్డ్ బుక్‌లో రాయాలి. సాయంత్రం గదికి వచ్చాక గుర్తుచేసుకుని రాసిన లేబుల్ పదేళ్ల తర్వాత ఎవరికీ ఉపయోగపడదు.

దారి, కాలం

2018లో దారూ తదితరులు న్యూ ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల నుంచి దాదాపు యాభై లక్షల షీట్లను పరిశీలించారు. సేకరణ రోడ్ల పక్కన, హెర్బేరియంలకు దగ్గరగా ఎక్కువ. కొన్ని నెలల్లో ఎక్కువ. కొన్ని కుటుంబాల మొక్కల్లో ఎక్కువ. కొద్దిమంది వ్యక్తుల చేతుల మీదుగా ఎక్కువ. మూడు ఖండాల్లో కనబడిన ధోరణి శేషాచలంలో ఉండదని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించడం లేదు.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అంతకు ముందు అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు, మామండూరు వైపు కాలిబాట. వృక్షశాస్త్ర విద్యార్థుల బృందం ఒక్క రోజులో వెళ్లి రాగలిగే చోట్లు తిరుమల, పాపవినాశనం, తలకోన. ఆ చోట్ల పేర్లే ఈ కొండల మొక్కల పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. దీనికి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు: ఆ కోనలు నిజంగానే మొక్కలతో కిక్కిరిసి ఉన్నాయి, లేదా మనం అక్కడికే వెళుతున్నాం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. తలకోన లాంటి తేమ కోనలో ఎక్కువ జాతులుంటాయన్నది నమ్మదగ్గ మాటే. కానీ పక్కనున్న, దారి లేని, పేరు లేని ఎండు వాలు మీద అంతే శ్రమ పెట్టి వెదికితే తప్ప 'అక్కడ తక్కువ' అనే మాట రుజువు కాదు.

కాలం సంగతి ఇంకా సూక్ష్మం. కొండ సాంబ్రాణినే తీసుకోండి. చలికాలం చివర, ఎండ ముదిరే వేళ ఆకు లేని కొమ్మల చివర పూస్తుంది. దీన్ని దాని దగ్గరి బంధువైన అందుగు నుంచి వేరుచేసే గుర్తుల్లో ముఖ్యమైనవి పత్రకాల ఆకారం, వాటి అంచు. పూత సమయంలో వెళ్లినవాడికి పూలు దొరుకుతాయి, ఆకు దొరకదు. వానాకాలంలో వెళ్లినవాడికి ఆకు దొరుకుతుంది, పువ్వు దొరకదు. ఒకే షీటు మీద రెండూ ఉండాలంటే ఆ చెట్టుకే నంబరు రేకు కట్టి, నెలల తర్వాత అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. అప్పుడు కూడా రెండు తేదీలూ విడివిడిగా లేబుల్ మీద రాయాలి. రెండు చెట్ల నుంచి తెచ్చిన పువ్వునూ ఆకునూ ఒకే అట్టకు అతికించడం ఎంత సులువో అంత ప్రమాదం.

కొండ కొత్తిమీర వంటి దుంప మొక్కలు ఏడాదిలో చాలా కాలం నేల లోపలే ఉంటాయి. ఎండాకాలంలో ఆ వాలు మీద నడిచిన సేకర్త 'కనబడలేదు' అని రాస్తే, ఆ మాట నిజమే, ఉపయోగం మాత్రం సున్న. ఇక్కడ నైరుతితో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానా గట్టిగానే పడుతుంది. వాగులు పొంగి దారులు మూసుకుపోయేదీ, చిన్న గుల్మాలూ నేల ఆర్కిడ్‌లూ తడికి నిలదొక్కుకునేదీ ఇంచుమించు ఆ నెలల్లోనే. సేకరణ పలచబడే కాలం, చిన్న మొక్కలు బయటపడే కాలం కలిసిపోయినప్పుడు షీట్లలో ఆ మొక్కలు తక్కువగా ఉండటంలో వింత లేదు.

తేదీ విలువ ఎంతో చెప్పడానికి బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటం ఉదాహరణ చాలు. అక్కడి చెట్ల పాత షీట్లలోని పూత తేదీలను రిచర్డ్ ప్రిమాక్ బృందం 2004లో పరిశీలించి, 1900–1920తో పోలిస్తే 1980–2002లో పూత సగటున ఎనిమిది రోజులు ముందుకు జరిగిందని చూపింది. ఆ పనికి బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, తోటలో ఏ చెట్టు ఏదో తెలుసు, తేదీలు తెలుసు. శేషాచలంలో ఎర్రచందనం పూత కాలం మారిందా అని ఎవరైనా అడిగితే షీట్ల నుంచి జవాబు లాగే ప్రయత్నం చేయవచ్చు. కానీ తేదీ బదులు నెల మాత్రమే ఉన్న లేబుళ్లతో, వేర్వేరు ఎత్తుల్లోని వేర్వేరు చెట్లతో వచ్చే జవాబును వార్తగా చేయకూడదు.

పేరీత ఆకును అట్ట మీద పెట్టడం

సేకరణలో శరీరశ్రమ ఎంతో బయటివాళ్లకు తెలియదు. షీట్లలో ఏ మొక్కలు తక్కువగా ఉంటాయన్నదానికి ఆ శ్రమ కూడా ఒక కారణం.

హెర్బేరియం అట్ట ఇంచుమించు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు. పేరీత ఆకు ముప్పావు మీటరు దాటుతుంది. సన్నని, గట్టి పత్రకాలు, వాటి అంచులు కిందికి చుట్టుకుని ఉంటాయి. ఆ అంచే ఈ జాతిని గుర్తించడానికి దారి. కాబట్టి ఆకును 'జడ్' ఆకారంలో మడవాలి, మడతలో పత్రకాలు విరగకూడదు, ఒకచోట అడుగు భాగం పైకి కనబడేలా తిప్పి పెట్టాలి. ఆకు కాడ మొదలు విడిగా కోసి అతికించాలి. మగ, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క శంకువును నిలువునా చీల్చి, దళసరి ముక్కలను వేరుగా ఆరబెట్టాలి, లేకపోతే లోపల బూజు పడుతుంది. ఆ శంకువులనే మందు కోసం కోసుకుపోతారు కాబట్టి ఈ మొక్క మీద ఒత్తిడి కూడా అక్కడే ఉంది. మొక్క ఎత్తు, కాండం చుట్టుకొలత, మగదా ఆడదా, పక్కన ఎన్ని మొక్కలున్నాయి, మంట తగిలిన గుర్తులున్నాయా, ఇవేవీ అట్ట మీద కనబడవు. లేబుల్ మీద రాస్తేనే ఉంటాయి.

వీటికి తోడు వానాకాలపు తేమ. ప్రెస్‌లో పాత దినపత్రికల మధ్య పెట్టిన మొక్కకు మొదటి కొన్ని రోజులు రోజూ కాగితాలు మార్చాలి. మార్చకపోతే ఆకు నల్లబడి రాలిపోతుంది. విద్యుత్తు లేని అటవీశాఖ బంగళాలో తడిసిన కాగితాలు ఆరబెట్టుకోవడమే పెద్ద పని. అందుకే చాలామంది మొక్కలను సారాయిలో తడిపి, సంచిలో మూసి ఊరికి తెచ్చుకుని ఆరబెడతారు. రంగులు పోతాయి, పూల గట్టితనం పోతుంది, కానీ నమూనా మిగులుతుంది. తర్వాత పురుగు పట్టకుండా చాలా హెర్బేరియంలలో పాదరసపు లవణం కలిపిన ఆల్కహాల్‌లో ముంచేవారు. ఆ షీట్లను చేతి తొడుగులు లేకుండా తాకకూడదు. డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచడం ఇప్పుడున్న మంచి దారి.

ముళ్ల చెట్లు, కండగల ఆకులు, పెద్ద ఆకులు, ఎత్తున పూసే చెట్లు, వెంటనే రాలిపోయే పూలు ఇందువల్లే షీట్లలో తగ్గుతాయి. అరుదుగా కోసిన మొక్కను అరుదైన మొక్కగా పొరబడటానికి ఇంతకంటే పెద్ద తలుపు అక్కర్లేదు.

ఒక్క షీటు తేడా

ఈ సంగతులన్నీ బీరువాల్లో ఉండిపోతే నష్టం తక్కువ. కానీ షీట్ల నుంచి పటంలో పడిన చుక్కలే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితా అంచనాల్లోకి వెళతాయి. అక్కడ ఒక జాతి ఆక్రమించిన వైశాల్యాన్ని సాధారణంగా రెండు కిలోమీటర్ల గళ్లతో కొలుస్తారు. ఒక చుక్క పడిన ప్రతి గడికీ నాలుగు చదరపు కిలోమీటర్లు. ఆ వైశాల్యం పదికి తక్కువైతే తీవ్రంగా ప్రమాదంలో ఉన్న తరగతికి సంబంధించిన ఒక హద్దులోకి, ఐదు వందలకు తక్కువైతే ప్రమాదంలో ఉన్న తరగతి హద్దులోకి వస్తుంది.

ఒక మొక్క రెండే చోట్ల నుంచి సేకరించి ఉంటే ఎనిమిది చదరపు కిలోమీటర్లు, పదికి తక్కువ. మూడో చోటు నుంచి ఒక్క షీటు వస్తే పన్నెండు, హద్దు దాటింది. కొండలో ఏమీ మారలేదు, మొక్కలు పెరగలేదు, తరగలేదు. ఒక విద్యార్థి దారి తప్పి మరో కోనలోకి దిగాడు, అంతే. అందుకే ఈ ఒక్క కొలతతోనే తరగతి తేల్చరు. తగ్గుదల, ముక్కలైన ఆవాసం, తీవ్రమైన ఒడుదొడుకులు వంటి షరతుల్లో కనీసం రెండు నెరవేరాలి. మొత్తం విస్తరణ పరిధికి, ప్రమాదంలో ఉన్న తరగతిలో, 5,000 చదరపు కిలోమీటర్ల హద్దు ఉంది. బయోస్ఫియర్ రిజర్వు మొత్తమే దాదాపు 4,756. అంటే రిజర్వు దాటి ఎక్కడా దొరకని జాతి చాలావరకు ఆ ఒక్క హద్దులోకి దానంతట అదే వచ్చేస్తుంది. అప్పుడు అసలు వాదన మిగతా షరతుల మీదే నిలబడాలి. ఆ షరతులను ఒక్కసారి తెచ్చిన షీటు చెప్పలేదు. అదే చోటికి పదే పదే వెళ్లిన రికార్డే చెప్పాలి.

తప్పు రెండో వైపు నుంచీ జరుగుతుంది. 1880ల నాటి షీటును నేటి ఉనికిగా లెక్కేస్తే మొక్క ఇప్పటికే పోయిన గళ్లు కూడా నిండుగా కనిపిస్తాయి. ప్రమాదం తక్కువగా తేలుతుంది. కాబట్టి పాత షీటు, కొత్త షీటు ఒకే రంగు చుక్కగా పటంలో వేయకూడదు.

ఉష్ణమండలంలో ఒక ప్రాంతం మొక్కలు ఓ మోస్తరుగా తెలుసని చెప్పడానికి వంద చదరపు కిలోమీటర్లకు వంద షీట్లు కనీసం ఉండాలన్న కొలమానం ఒకటి వాడుకలో ఉంది. దాని ప్రకారం శేషాచలానికి నాలుగు వేల ఏడు వందల పైచిలుకు షీట్లు కావాలి. ఈ అంకె చేరడం కష్టమేమీ కాదు. కానీ అందులో మూడు వంతులు తిరుమల దారుల పక్కనే ఉంటే ఆ కొలమానం మనల్ని మోసం చేస్తుంది. మొత్తం మీద సగటు తీయకుండా, గడి గడికీ, నెల నెలకీ విడిగా చూపాలి.

పేర్ల తప్పులు కూడా లెక్కలోకి రావాలి. గుడ్విన్ తదితరులు 2015లో ఆఫ్రికాలోని అల్లం కుటుంబపు ఆఫ్రమోమం ప్రజాతి షీట్లను పరిశీలించినప్పుడు, ఆ ప్రజాతి మీద సమగ్ర అధ్యయనం జరగకముందు కనీసం 58 శాతం షీట్ల మీద తప్పు పేరో, పాత పేరో, సగం పేరో ఉందని తేలింది. ఆ ప్రజాతి చిక్కుల ప్రజాతి, ఆ శాతాన్ని మన షీట్లకు అంటగట్టకూడదు. కానీ తన ప్రాంతపు షీట్లను ఎవరూ మళ్లీ తెరిచి చూడకపోతే, పేరు సరైనదేనని నమ్మడానికి ఆధారమేముంది? షీటు మూలన పాత నిర్ధారణ చీటీ పక్కన కొత్త చీటీ అతికించి, ఎవరు ఎప్పుడు పేరు మార్చారో రాసే సంప్రదాయం ఉన్నది ఇందుకే. పాత చీటీని పీకేయకూడదు.

ఎంత కోయాలి, ఎంత చెప్పాలి

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షణ పొందిన మొదటి ఆరు రకాల మొక్కల్లో పేరీత ఒకటి. అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించిన సైటిస్ ఒప్పందంలో అది మొదటి అనుబంధంలో, ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉన్నాయి. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఇక్కడ కత్తెర బయటికి తీయకూడదు. ఎర్రచందనం దొంగతనాల వల్ల ఈ అడవిలో సంచి భుజాన వేసుకుని తిరిగే ఏ మనిషి మీదైనా అనుమానం వస్తుంది. అది సహజం. అనుమతి కాగితం, ఫీల్డ్ బుక్, స్థానిక బీటు అధికారికి ముందుగా చెప్పడం, ఇవి సేకరణలో భాగాలే.

ఎంత కోయాలన్నదానికి ఒక మోటు నియమం ఉంది: ఆ చోట ఇరవై మొక్కలు కనబడితే ఒకటి. దుంప మొక్కలకు ఇది కూడా ఎక్కువే అనిపిస్తుంది. కొండ కొత్తిమీర దుంపను పీకితే ఆ మొక్క ఇక లేదు. పువ్వు, కాయ, ఒక ఆకు, సిలికా జెల్‌లో చిన్న ఆకు ముక్క, దుంప కొలతతో ఫొటో చాలు. పూర్వం ఒక్కో మొక్కకు నాలుగైదు నకళ్లు తీసి వేర్వేరు హెర్బేరియంలకు పంపేవారు. ఒక బీరువా కాలిపోయినా ఇంకోటి మిగలాలన్న ఆ ఆలోచన మంచిదే. కానీ పది మొక్కలు కూడా లేని చోట ఆ పద్ధతి పాటించకూడదు.

చోటు వివరాలు ఎంత బయటపెట్టాలన్నది మరింత చిక్కు ప్రశ్న. పైన లేబుల్‌లో జీపీఎస్ అంకెలు తప్పనిసరి అన్నాను. అవే అంకెలు ఇంటర్నెట్‌లో పెడితే పేరీతకూ ఎర్రచందనానికీ చేటు. అక్షాంశ రేఖాంశాలను 0.1 డిగ్రీకి, అంటే సుమారు పదకొండు కిలోమీటర్లకు సవరించి బయట చూపి, అసలు అంకెలను హెర్బేరియంలో భద్రంగా ఉంచి, పని ఉన్న పరిశోధకుడికి అడిగితే ఇవ్వడం ఒక దారి. దీనివల్ల బయటివారి లెక్కల్లో కొంత పదును పోతుంది. ఆ నష్టం భరించదగ్గదే.

ఈ కొండల్లో మొక్కల ఉనికి బాగా తెలిసినవాళ్లు యానాదులు, అడవి అంచు పల్లెల్లో గడ్డలూ వేర్లూ తవ్వుకుని బతికేవాళ్లు. ఏ కోనలో మారేడు గడ్డ మిగిలిందో, ఏ బండ కింద ఏ తీగ ఏ కార్తెలో చిగురిస్తుందో వాళ్ల నోట వింటేనే సేకర్త సరైన నెలలో సరైన చోటికి వెళ్లగలడు. లేబుల్ మీద మాత్రం సాధారణంగా ఒక్క పేరే ఉంటుంది. చెట్టెక్కి కొమ్మ కోసిన మనిషి పేరు కూడా, ఆయనో ఆమెనో ఒప్పుకుంటే, లేబుల్ మీద ఉండాలి. గౌరవం ఒక కారణం. ఆ మొక్క గురించి ఎవరిని మళ్లీ అడగాలో తర్వాతి పరిశోధకుడికి తెలియడం మరో కారణం. స్థానిక పేరు రాసేటప్పుడు ఏ పల్లెలో విన్నారో కూడా రాయాలి, కొండ అటువైపు అదే పేరుతో మరో మొక్కను పిలుస్తూ ఉండవచ్చు.

ఇక చేయాల్సిన పనిలో నా దృష్టికి మొదటిది ఇది. ఒక విశ్వవిద్యాలయ విభాగం శేషాచలం పటాన్ని రెండు కిలోమీటర్ల గళ్లుగా గీసుకుని, ఇప్పటివరకు షీటు రాని గళ్లను రంగు వేసి చూడాలి. వాటిలో దారికి దూరంగా, వేర్వేరు ఎత్తుల్లో ఉన్న కొన్నింటిని చీటీలు తీసి ఎంచుకోవాలి. వాటికి వరసగా మూడేళ్లు, ఎండాకాలం పూత వేళ ఒకసారి, నైరుతి వానల్లో ఒకసారి, నవంబరులో ఒకసారి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఎంతమంది ఎన్ని గంటలు వెదికారో, ఏ దారిన నడిచారో, ఏ మొక్కల కోసం ప్రత్యేకంగా చూసి కనుక్కోలేకపోయారో రాసిన కాగితాన్ని షీట్లతో పాటే అదే బీరువాలో, అదే నంబర్ల వరసలో భద్రపరచాలి. హెర్బేరియం నిబంధనల్లో ఇలాంటి కాగితానికి ఇంకా చోటు లేదు. చోటు కల్పించడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక రిజిస్టరూ దాన్ని అడిగే ప్రొఫెసరూ ఉంటే మొదలుపెట్టవచ్చు.